ఇరవై ఏడో ప్రశ్న

జూలై 9, మంగళవారం. ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. అత్యవసర విభాగం, రెండో గది.

హాజరైనవారు: పేషెంటు, వయసు నలభై ఒకటి. అతని తల్లి. అతని తమ్ముడు, కుడి చేతికి కట్టు. మా డాక్టరమ్మ. ఆయమ్మ. నేను.

వస్తువులు: స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి, మూత తీయలేదు. మెరూన్ రంగు శాలువా ఒకటి, జరీ అంచు.

ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ప్రతి కేసునూ డైరీలో ఇలాగే మొదలుపెట్టాను. మా పెళ్ళి రోజు పేజీలో కూడా "హాజరైనవారు" అని ఉందని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఉన్నమాట నిజమే. ఆమెది మూడో పేరు. పురోహితుడూ మామగారూ ముందొచ్చారు మరి.

నేను పటాన్‌చెరు, సంగారెడ్డి దారిలో ఉన్న ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో నర్సుగా పనిచేశాను. మగ నర్సును బ్రదర్ అంటారు. రిటైరయ్యేనాటికి తాత వయసు వచ్చినా నేను బ్రదర్‌నే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, మీ కాలంలో కష్టమైన కేసు చెప్పండి అంటారు. నేను బాగా చేసినవి చెబితే వాళ్ళు ఫోన్ చూసుకుంటారు. ఈ కేసు చెబితే చూసుకోరు, ఎందుకంటే ఇందులో తప్పు నాది.

నా గర్వం ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. ఈ కేసుకు రెండేళ్ళ క్రితం, మేధో వైకల్యం ఉన్న ఒక యువతిని తల గోడకేసి కొట్టుకుంటోందని తీసుకొచ్చారు. మాటలు సరిగా రావు. అందరూ పిచ్చి ముదిరిందన్నారు. నేను నోరు తెరిపించి చూస్తే వెనక దవడ పన్ను పుచ్చి చీము పట్టి ఉంది. పన్ను తీయించాక ఆ అమ్మాయి నవ్వుతూ ఇంటికెళ్ళింది. నొప్పి అని చెప్పలేనివాళ్ళు దాన్ని ఒంటితో చెబుతారు. ఆ పాఠం సరైనదే. కానీ నాకది తలకెక్కింది. ఇలాంటి వాళ్ళు హఠాత్తుగా మారిపోతే ఏమేం అడగాలో ఒక కాగితం తయారుచేశాను. ఇరవై ఆరు ప్రశ్నలు. పన్ను నుంచి మలబద్ధకం దాకా, మందుల నుంచి ఇంట్లో చావుల దాకా. టైపు చేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గోడకు వేలాడదీశాను. కొత్తగా చేరిన డాక్టరమ్మ చూసి "చాలా బాగుంది బ్రదర్" అంది. ఆ మాట కూడా డైరీలో రాసుకున్నాను. తేదీతో సహా.

ఇక ఆ మంగళవారం.

పేషెంటును ఆటోలో తెచ్చారు. అతనిదీ పుట్టుకతో వచ్చిన మేధో వైకల్యమే. రెండు చేతులూ కలిపి ఆ శాలువాతోనే కట్టారు. మా గదిలో మొదటి పని కట్లు విప్పడం. విప్పాను. అతడు ఎవర్నీ ఏమీ చేయలేదు. గబగబా వెళ్ళి బల్ల కిందికి దూరి మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. బొద్దుగా, కొంచెం బట్టతలతో, చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకున్న మనిషి.

"మావాడు చీమకైనా హాని చెయ్యడండీ," అంది తల్లి. కోస్తా నుంచి నలభై ఏళ్ళ క్రితం ఇక్కడి పెద్ద కర్మాగారంలో భర్త ఉద్యోగం కోసం వచ్చిన మనిషి. ఉండేది పటేల్‌గూడ దగ్గరి కాలనీలో. "నిన్న సాయంత్రం నుంచీ ఒకటే అరుపులు బాబూ. వాళ్ళ నాన్నగారి ఫోటో గోడ మీంచి లాగి నేలకేసి కొట్టాడు. అన్నం ముట్టలేదు, కన్ను మూయలేదు."

"ఆపబోతే గాజు నా చేతికి దిగింది సర్," అన్నాడు తమ్ముడు. బొల్లారంలో మందుల కంపెనీలో పని అతనిది. "అన్న నన్నెప్పుడూ కొట్టలే. నిన్న కొట్టిండు."

డాక్టరమ్మ నేల మీద కూర్చుని, బల్ల కిందికి వంగి, ఓపిగ్గా పరీక్ష చేసింది. జ్వరం లేదు. పళ్ళు శుభ్రంగా ఉన్నాయి, నాకు కాస్త నిరాశ కలిగేంత శుభ్రంగా. ఆమె అతని చెవిలో లైటు వేసి చూస్తే, అతడు ఆ లైటు తీసుకుని ఆమె చెవిలో చూశాడు. పొట్ట మెత్తగా ఉంది. షుగరు, మూత్రం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

గదిలో ఏసీ చల్లగా ఉంది. అతడు వణుకుతున్నాడు. నేను దయగల మనిషిని కదా, పక్కనున్న శాలువా తీసి అతని భుజాల మీద కప్పాను.

అంతే. బల్ల లేచి పక్కకు పడింది. మందుల ట్రే ఎగిరింది. నా కళ్ళజోడు గోడకు తగిలి రెండు ముక్కలైంది. నలుగురం పట్టుకుంటే గానీ ఆగలేదు. డాక్టరమ్మ చిన్న మోతాదులో ఇంజెక్షన్ ఇచ్చింది. నేను డైరీ తీసి, కళ్ళజోడు లేకుండానే రాశాను: "11.40. కారణం లేకుండా దాడి." నా డైరీల్లో కొట్టివేతలు ఉండవు. ఆ ఒక్క లైను మీదే అడ్డగీత ఉంది.

బల్ల మళ్ళీ నిలబెడితే అతడు దాని కిందికే చేరాడు. కాస్త కుదుటపడ్డాక, విరిగిన కళ్ళజోడులో ఒక అద్దాన్ని చేత్తో పట్టుకుని, నా కాగితం చదవడం మొదలుపెట్టాను. తల్లి ప్రతిదానికీ ఆలోచించి జవాబు చెప్పింది. పద్దెనిమిదో ప్రశ్న నాకు బాగా గుర్తు: ఈ పదిహేను రోజుల్లో చెడు ఏదైనా జరిగిందా? చావు, గొడవ, ఇల్లు మారడం, ఎవరైనా కొట్టడం, భయపెట్టడం?

"ఏమీ లేదు బాబూ. అంతా బాగానే ఉన్నాం."

ఇరవై ఆరూ అయిపోయాయి. ఏదీ తగల్లేదు. నా కాగితంలో దొరక్కపోతే ఇక అది మానసిక వ్యాధేనని నా నమ్మకం. పట్నంలోని పెద్దాసుపత్రికి పంపుదామని డాక్టరమ్మకు చెప్పింది నేనే. అక్కడ చేర్చుకుంటే నెలో, రెండు నెలలో. నాలుగు గంటలకు అంబులెన్స్ చెప్పాం. ఆమె ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.

తల్లి నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది. "అక్కడ నన్ను ఉండనిస్తారా బాబూ? వాడు నేను లేకుండా ఒక్క పూట పడుకోలేదు. అన్నం కలిపి పెట్టాక, ఇక తిను అనాలి. అనకపోతే తినడు. వాళ్ళకు ఆ సంగతి ఎవరు చెబుతారు?"

మగవాళ్ళ వార్డులో తల్లిని ఉండనిస్తారో లేదో నాకు తెలుసు. చెప్పలేదు.

ఆ సమయంలో ఆయమ్మ గది తుడుస్తూ, కింద పడ్డ శాలువా ఎత్తి మడతపెట్టింది. కంది దగ్గరి పల్లె మనిషి. నాకన్నా ఐదేళ్ళు ముందు చేరింది, నాకన్నా ఎక్కువ చూసింది. జరీ అంచు వేళ్ళతో తడిమి చూస్తూ అంది:

"గింత మంచి శాలువ! ఎవరికి సన్మానమయిందమ్మా?"

"మావాడికేనమ్మా!" ఆ పొద్దున మొదటిసారి తల్లి ముఖం వెలిగింది. "ఆదివారం వాడికి రిటైర్మెంట్ ఫంక్షన్ చేశారు. దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి. ఎంత బాగా చేశారనుకున్నావు!"

నా పెన్ను ఆగింది. "అమ్మా, నేనడిగితే ఏమీ జరగలేదన్నారు కదా?"

"మీరు చెడు జరిగిందా అని అడిగారండీ. ఇది మంచే కదా బాబూ?"

ఆయమ్మ చీపురు గోడకు ఆనించి నా వైపు తిరిగింది. "మంచి సంగతి అడగనీకి గా కాయితంల జాగ లేకుండెనా సారూ?"

డాక్టరమ్మ ఉత్తరం మీంచి తలెత్తింది. నవ్వాపుకుంటోందని నాకు ఒక అద్దంలోంచే తెలిసిపోయింది.

తర్వాత తల్లీ తమ్ముడూ చెప్పింది ఇది. వాళ్ళ కాలనీ మూలన పొద్దున్నే బొల్లారం కంపెనీ బస్సు ఆగుతుంది. పద్దెనిమిదేళ్ళుగా అతడు రోజూ స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఐదున్నరకల్లా అక్కడుంటాడు. బస్సు కోసం నిలబడ్డ ప్రతి మనిషి భుజం మీదా చెయ్యి వేస్తాడు. అదే అతని లెక్క. చెయ్యి వేసిన వాళ్ళందరూ ఎక్కాక, బస్సు పక్క రేకు మీద రెండు దెబ్బలు కొట్టి "రైట్" అంటాడు. అప్పుడే బండి కదులుతుంది. డ్రైవర్లు మారారు, కార్మికులు మారారు, అతడు మారలేదు. టైమ్ ఆఫీసర్ సాబ్ అని పిలుస్తారు. ఆ పని అయ్యాక ఇంటికొచ్చి, అలసిపోయినట్టు కుర్చీలో కూలబడి, టీ అడుగుతాడు.

ఈ సోమవారం నుంచి కంపెనీ స్టాపు మార్చింది. పెద్ద రోడ్డుకు అవతలి పక్కన. లారీలూ ట్యాంకర్లూ పోయే రోడ్డు అది. అతడు దాటలేడు. ఏం చేయాలో తోచక కార్మికులు ఒక ఆలోచన చేశారు. ఊరికే మానిపించడం మర్యాద కాదు, పద్దెనిమిదేళ్ళ సర్వీసు కదా, ఘనంగా సాగనంపుదాం అనుకున్నారు.

తమ్ముడు ఫోన్‌లో వీడియో చూపించాడు. కాలనీ మూలన చిన్న షామియానా. అతడు కుర్చీలో కూర్చుని ఇకిలిస్తున్నాడు. లడ్డు తింటున్నాడు. మెడలో దండ పడింది. నవ్వు కాస్త తగ్గింది. శాలువా కప్పారు. మైకులో ఎవరో "రేపటి నుంచి సార్‌కు ఫుల్ రెస్ట్!" అన్నారు. చప్పట్లు. అతడు వెనక్కి తిరిగి బస్సును చూస్తున్నాడు. చప్పట్లు కొడుతున్న వాళ్ళెవరూ అది చూడలేదు.

"వాళ్ళ నాన్నగారికీ అచ్చం ఇలాగే చేశారండీ ప్లాంటులో," అంది తల్లి వీడియో చూస్తూ మురిపెంగా. "ఇదే రంగు శాలువా. పాపం, నాలుగు నెలలు తిరక్కుండానే..."

ఆమె ఫోన్ మీంచి కళ్ళు తిప్పి బల్ల కిందికి చూసింది.

డాక్టరమ్మ తమ్ముణ్ణి అడిగింది. "నిన్న సాయంత్రం సరిగ్గా ఏం జరిగింది? గొడవకు ముందు?"

"ఏం లేదు మేడం. ఫంక్షన్ ఫోటో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించుకొచ్చిన. అన్నకు దండేసిన ఫోటో. హాల్లో మేకు కొట్టి పెట్టిన. ముందు అదే లాగి పడేసిండు."

"హాల్లో ఎక్కడ?"

"నాన్న ఫోటో పక్కన."

నాన్న ఫోటోకు దండ ఉంటుందని వేరే చెప్పాలా? ఆ మాట అంటున్నప్పుడే తమ్ముడి ముఖం పాలిపోయింది. కట్టు కట్టిన చెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు.

బల్ల దగ్గరి నుంచి కదలిక వినిపించింది. "ఫోటో" అన్న మాట విని అతడు తల బయటపెట్టాడు. అతనికి వచ్చిన మాటలు పాతిక దాకా ఉంటాయట. అందులో రెండు వాడాడు. వేలు తన ఛాతీ మీద పెట్టుకుని, తమ్ముణ్ణి చూస్తూ:

"నేను ఫోటో?"

నలభై ఒక్కేళ్ళ మనిషి తన చావు తేదీ ఖాయమైందనుకుని రెండు రోజులుగా ఒంటరిగా పోరాడుతున్నాడు. దండ వేసుకున్నవాళ్ళు, శాలువా కప్పుకున్నవాళ్ళు, డ్యూటీ మానేసినవాళ్ళు కొన్నాళ్ళకు గోడ మీదికి వెళ్ళిపోతారు. నాన్న వెళ్ళాడు. అతను చూసిన దాంట్లో లెక్క తప్పేమీ లేదు. ఆ శాలువానే నేను మళ్ళీ తెచ్చి అతని మీద కప్పాను.

"నువ్వెందుకు చచ్చిపోతావు నాయనా, నీకేం కాదు!" అని తల్లి పట్టుకుంది. ఆ మాట వినగానే అతడు మళ్ళీ బల్ల కిందికి వెళ్ళిపోయాడు.

"మాటలు వద్దమ్మా," అంది డాక్టరమ్మ. "ఆదివారం చేసిందంతా కళ్ళతో చూశాడు. విప్పడం కూడా కళ్ళతోనే చూడాలి." నా వైపు తిరిగింది. "ఉత్తరం చింపట్లేదు బ్రదర్. ఆపుతున్నాను. అంబులెన్స్‌ను ఆరింటికి రమ్మనండి. అప్పటికి అన్నం తిని కాస్త కుదుటపడితే ఇంటికి. లేకపోతే పంపక తప్పదు. తిండీ నిద్రా లేకుండా ఇంకో రోజు ఉంచలేను."

తమ్ముడు బస్సు డ్రైవరుకు ఫోన్ చేశాడు. మొదటి షిఫ్టును దింపేసి నాలుగున్నరకు డ్రైవరు వచ్చాడు, నీలం యూనిఫాంలో నలుగురు కార్మికులను వెంటేసుకుని. సంగతి విని తల పట్టుకున్నాడు.

"యా అల్లా అనాల్నో, రామా అనాల్నో తెలుస్తలేదు సారూ. మేమైతే ఇజ్జత్ తోటి సాగనంపినం అనుకున్నం. రోడ్డు దాటుతుంటే ఏ లారో తగిలితే ఎట్ల అని పరేషానయినం."

"సాగనంపుడు మంచిగనే ఉన్నది," అంది ఆయమ్మ. "పోతవా బిడ్డా అని ఒక్కలన్న అడిగిన్రా?"

డ్రైవరు ఆమెకు జవాబు చెప్పకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళబోయాడు. "సాబ్, రేపటి నుంచి మల్ల డ్యూటీ..."

"ఆగండి," అంది డాక్టరమ్మ. వయసులో చిన్నదే గానీ గొంతులో బరువుంది. "రేపు డ్యూటీ అంటే రేపు ఉండాలి. ఎల్లుండీ ఉండాలి. ఇవాళ నెమ్మదించాలని అబద్ధం చెబితే, ఎల్లుండి ఇంతకన్నా భయపడతాడు. స్టాపు రోడ్డవతల ఉంది కదా?"

"స్టాపు అవతలనే ఉన్నది మేడం." డ్రైవరు గడ్డం గోక్కున్నాడు. "బండి ఇవతలనే ఉన్నది."

"అంటే?"

"బండి మా ఇంటి పక్క ఖాళీ జాగల పెడ్త. ఈళ్ళ గల్లీ ఎనుకనే. రోజు ఐదున్నరకు ఆడ్నుంచే తీస్త. ఈయన నడిచి రావచ్చు, రోడ్డే లేదు నడుమ."

"మరి ఆ మాట ముందే..."

"అందరం స్టాపు గురించే సోచాయించినం మేడం. బండి గురించి ఎవ్వడు సోచాయించలే." తర్వాత తన మనుషుల వైపు తిరిగి అన్నాడు. "అరే, మీరు గూడ స్టాపుకు ఎందుకు పోవుడు? ఆడనే ఎక్కుండ్రి. ఎక్కెటోళ్ళు లేకుంటే సాబ్ ఏం లెక్క పెడ్తడు?"

నలుగురూ తలూపారు. అందులో ఒకతను తనకు ఆ దారే దగ్గరని ఒప్పుకున్నాడు.

ఇక శాలువా మిగిలింది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు చూపిద్దామని డ్రైవరు తన భుజాల మీద కప్పుకున్నాడు. అతడు బల్ల కింది నుంచి దూసుకొచ్చి, "వద్దు! వద్దు!" అని దాన్ని లాగి పడేశాడు. కొట్టడానికి కాదు. డ్రైవరు కూడా ఫోటో అయిపోతాడని. డ్రైవరు కళ్ళు తుడుచుకుని, తుడుచుకోలేదన్నట్టు ముక్కు చీదాడు.

మాకెవరికీ ఏమీ తోచలేదు. గోడ మీది నా కాగితం వైపు చూశాను. అక్కడా ఏమీ లేదు. ఆయమ్మ వంగి శాలువా ఎత్తింది. నడుముకు చుట్టి, కొంగులాగా దోపుకుని, బకెట్లో గుడ్డ ముంచి, ఏమీ ఎరగనట్టు నేల తుడవడం మొదలుపెట్టింది. జరీ అంచు ఫినాయిలు నీళ్ళలో ఈడ్చుకుంటూ పోతోంది. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. మధ్యలో డ్రైవరును తిట్టింది, "కాళ్ళు తియ్యి, నీకు సన్మానం జెయ్యాల్నా?" అని. నన్నూ తిట్టింది. దగ్గింది. కూనిరాగం తీసింది.

అతడు బల్ల పక్కన గొంతుక్కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. పది నిమిషాలు చూసి ఉంటాడు. ఆయమ్మ పోలేదు. ఫోటో కాలేదు. పైగా అతని దగ్గరికొచ్చి, "జెర జరుగు బిడ్డా, నీ కింద తుడువాలె," అంది. అతడు జరిగాడు. ఆమె నడుముకున్న శాలువాను ఒక వేలితో ముట్టుకుని చూసి, కిసుక్కున నవ్వాడు.

డ్రైవరు అప్పుడు గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, చెయ్యి చాచాడు. "సాబ్. రేపు. ఐదున్నర. బండి కాడ."

"రైట్?" అన్నాడు అతడు.

"రైట్."

ఐదుంబావుకు అతడే వెళ్ళి టిఫిన్ డబ్బా మూత తీశాడు. లోపల పొద్దుటి ఇడ్లీలు. తల్లి ముక్క తుంచి, పచ్చడి అద్ది, "ఇక తిను" అంది. నాలుగు తిన్నాడు. ఐదోది డాక్టరమ్మకు ఇచ్చాడు. ఆమె తింది. పొద్దుటి ఇడ్లీ సాయంత్రం తినకూడదని నేను చెప్పబోయి ఊరుకున్నాను.

ఆరింటికి అంబులెన్స్ వచ్చి ఖాళీగా వెనక్కి వెళ్ళింది. నిద్రకు మూడు రోజుల మందు, శుక్రవారం మళ్ళీ రావాలని చీటీ. ఇంట్లో ఫోటోలేవీ అప్పుడే తగిలించవద్దని తమ్ముడికి చెప్పాం. "మేకు కూడ పీకేస్త సర్," అన్నాడు.

ఇంటికి బయల్దేరే ముందు నా కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీశాను. అడుగున ఖాళీ చాలానే ఉంది. జాగా లేక కాదు. పెన్నుతో రాశాను: "27. ఈ పదిహేను రోజుల్లో మంచి ఏదైనా జరిగిందా?" ఆయమ్మ చదివించుకుని విని, "ఆఁ," అంది. అంతకు మించిన మెప్పు ఆమె దగ్గర నేనెన్నడూ పొందలేదు.

జూలై 10, బుధవారం. ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలు. పటేల్‌గూడ కాలనీ వెనక ఖాళీ జాగా.

హాజరైనవారు: డ్రైవరు. కార్మికులు ఏడుగురు. తల్లి, ఫ్లాస్కుతో. టైమ్ ఆఫీసర్ గారు. నేను.

స్కూటర్ మీద వెళ్ళాను. మా పొద్దుటి డ్యూటీ ఏడింటికి. ఒక్కసారి చూసి వెళ్ళిపోదామని కొంచెం దూరంగానే నిలబడ్డాను. అతడు స్నానం చేసి, గుండీలన్నీ పెట్టుకుని, తలకు నూనె రాసుకుని ఉన్నాడు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తున్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు. ఏడుగురూ అయ్యారు. అప్పుడతను చుట్టూ చూసి, నా దగ్గరికి నడిచి వచ్చాడు. నిన్నటి మనిషినని గుర్తుపట్టాడో లేదో తెలియదు. దారం చుట్టిన నా కళ్ళజోడు వైపు కాసేపు చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఏడుగురూ ఎక్కారు. బండి స్టార్టయింది. అతడు రేకు మీద చెయ్యి పెట్టాడు గానీ కొట్టలేదు. నా వైపే చూస్తున్నాడు.

"నేను రావట్లేదు," అన్నాను. "నేను ఊరికే చూడ్డానికి..."

"ఎక్కుండ్రి సారూ!" డ్రైవరు కిటికీలోంచి అరిచాడు. "షిఫ్టుకు లేటయితది. లెక్క తప్పితే బండి కదలది, మీకెరికే గద!"

తల్లి వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, సాయం చేసే ఉద్దేశం కనబడలేదు.

ఎక్కాను. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"రైట్!"

బొల్లారం గేటు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో, ఇద్దరు బీహారీ కుర్రాళ్ళ మధ్య ఇరుక్కుని వెనక్కొచ్చి, స్కూటర్ తీసుకుని, ఆసుపత్రికి చేరేసరికి ఏడు గంటల యాభై నిమిషాలు. ముప్ఫై నాలుగేళ్ళలో హాజరు పట్టీలో నా పేరు పక్కన పడిన ఎర్ర సిరా గుర్తు అదొక్కటే. ఆలస్యానికి కారణం రాసే గడి చాలా చిన్నది. కాసేపు ఆలోచించి, పట్టేలా రాశాను:

"లెక్కలో ఉన్నందున."